‘ఏషియన్’ గడిలో టిక్కు పెడితే సీటు పోతుందా? అమెరికా కాలేజీ ప్రవేశాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఆగస్టు 1న కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసే వెబ్‌సైట్) కొత్త దరఖాస్తు తెరుచుకోగానే అమెరికాలోని తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న మొదలవుతుంది: జాతి అడిగిన చోట ‘ఏషియన్’ అని టిక్కు పెట్టాలా, ఖాళీగా వదిలేయాలా? వచ్చే జవాబుల్లో కొన్ని 2023కు ముందటి సంగతులు, కొన్ని ఎప్పుడూ నిజం కానివి. తరచుగా వినిపించే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఆ గడికి అంత బెంగ అక్కర్లేదన్నది మా అభిప్రాయం. ఎందుకో జవాబుల్లోనే తెలుస్తుంది.

కాలేజీలు ఇప్పటికీ జాతిని చూసి సీటు ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు. 2023 జూన్ 29న అమెరికా సుప్రీం కోర్టు హార్వర్డ్, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా కేసుల్లో ఈ పద్ధతిని కొట్టివేసింది. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ తీర్పు రాశారు. నార్త్ కరోలినా కేసులో 6–3, హార్వర్డ్ కేసులో 6–2. జస్టిస్ కెటాంజీ బ్రౌన్ జాక్సన్ అంతకుముందు హార్వర్డ్ పర్యవేక్షక మండలిలో ఉన్నందున ఆ ఒక్క కేసు నుంచి తప్పుకున్నారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు రాజ్యాంగ 14వ సవరణ, ఫెడరల్ నిధులు తీసుకునే ప్రైవేటు కాలేజీలకు 1964 నాటి పౌరహక్కుల చట్టం అడ్డువస్తాయి. పేరున్న కాలేజీల్లో ఈ రెండింటి పరిధిలోకి రానివి దాదాపు లేవు. మెడికల్, లా, పీజీ కోర్సులకూ ఇదే నియమం. సైనిక అకాడమీల సంగతిని అప్పట్లో కోర్టు పక్కన పెట్టింది కానీ, 2025లో అవి కూడా ఆ పద్ధతిని వదులుకున్నాయి.

మరి దరఖాస్తులో ఆ గడి ఇంకా ఎందుకు ఉంది?

లెక్కల కోసం. ఏ జాతి వారు ఎందరు చేరారో ప్రతి కాలేజీ ఏటా ఫెడరల్ విద్యాశాఖకు నివేదించాలి. తీర్పు నిషేధించింది జాతిని చూసి సీటు ఇవ్వడాన్ని, వివరాలు సేకరించడాన్ని కాదు. అందుకే 2023 ఆగస్టు నుంచి కామన్ యాప్ కాలేజీలకు ఒక సౌకర్యం ఇచ్చింది: ఆ జవాబు దరఖాస్తు చదివే సిబ్బందికి కనిపించకుండా దాచేయవచ్చు. ఎంపికలన్నీ ముగిసేదాకా ఆ సమాచారం తెరవబోమని చాలా కాలేజీలు తమ వెబ్‌సైట్లలోనే రాసుకున్నాయి.

గడి ఖాళీగా వదిలేస్తే లాభమా?

లాభమూ లేదు, నష్టమూ లేదు. జవాబు ఐచ్ఛికం. తీర్పు తర్వాత వదిలేసేవారు పెరిగారు కూడా. ప్రిన్స్‌టన్‌లో అలాంటివారు 1.8 శాతం నుంచి 2024లో 7.7 శాతమయ్యారు. ఎంపిక చేసేవారు చూడని జవాబు గురించి రాత్రంతా చర్చించే బదులు ఆ సమయాన్ని దరఖాస్తుతో పంపే వ్యాసం తిరగరాయడానికి వాడుకోవచ్చు.

గడి దాచినా పేరు చూస్తే తెలిసిపోతుంది కదా?

తెలుస్తుంది. ఇంటిపేరు ఉంటుంది, ఇంట్లో మాట్లాడే భాష ఉంటుంది, తండ్రి జేఎన్‌టీయూలో, తల్లి ఉస్మానియాలో చదివినట్టు కుటుంబ వివరాల్లో ఉంటుంది, కార్యకలాపాల జాబితాలో కూచిపూడి, మనబడి ఉంటాయి. వీటిని దాచడం కుదరదు, దాచాల్సిన పనీ లేదు. తెలియడం వేరు, దాన్నిబట్టి మార్కులు వేయడం వేరు. రెండోది ఇప్పుడు చట్టవిరుద్ధం. అయినా ఎవరి మనసులో ఏముందో ఎలా తెలుస్తుందన్న అనుమానం సహజమే. దానికి ఏ ఫారమూ జవాబు చెప్పలేదు. కానీ ఆ అనుమానంతో అమ్మాయి చేత నాట్యం సంగతి తీసేయించి, ఇష్టం లేని ఫెన్సింగ్‌లో చేర్పించే తల్లిదండ్రులు ఉన్నారు. పదేళ్లు శ్రద్ధగా నేర్చిన విద్యను దాచి, ఆరు నెలల హడావిడిని చూపించడం ఎంపిక కమిటీ ముందు తెలివైన పని అనిపించుకోదు.

‘అమెరికన్ ఇండియన్’ అన్న గడి మనదేనా?

కాదు. అది అమెరికా ఆదివాసీ తెగలవారిది. టిక్కు పెడితే తెగ పేరు, సభ్యత్వ వివరాలు అడుగుతారు. కొత్తగా వచ్చిన కుటుంబాలు ఇక్కడ పొరబడుతుంటాయి. మన వారు ‘ఏషియన్’ ఎంచుకుని, దాని కింద ‘ఇండియా’ ఎంచుకోవాలి.

అసలు భారతీయులను, చైనీయులను ఒకే గడిలో ఎవరు పెట్టారు?

ఇది చాలామందికి తెలియని ఆసక్తికరమైన కథ. గడులు శాశ్వతమైనవేమీ కావు, ప్రభుత్వ అవసరాలను బట్టి మారుతూ వచ్చాయి. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే సిక్కు, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, తాను శ్వేతజాతి కిందికే వస్తానని పౌరసత్వం కోసం సుప్రీం కోర్టు దాకా వెళ్లాడు. కోర్టు కాదంది. భారతీయులు పౌరులు కావడానికి 1946లో చట్టం మారేదాకా ఆగాల్సి వచ్చింది. చిత్రమేమిటంటే, 1970 జనాభా లెక్కల్లో అదే ప్రభుత్వం భారతీయులను శ్వేతజాతి కింద లెక్కేసింది. మైనారిటీలకు అందే రక్షణలు తమకు అందడం లేదని భారతీయ సంఘాలు గట్టిగా అడగడంతో 1980 జనాభా లెక్కల్లో ‘ఏషియన్ ఇండియన్’ గడి వచ్చింది. అంటే ఇప్పుడు ఎలా తప్పించుకోవాలా అని చూస్తున్న గడిని ఒకప్పుడు మన ముందుతరం వాళ్లే అడిగి తెచ్చుకున్నారు!

ప్రభుత్వ ఫారాలన్నింటికీ ఒకే రకం వర్గాలుండాలని 1977లో ఫెడరల్ బడ్జెట్ కార్యాలయం ఒక ఆదేశం ఇచ్చింది. కాలేజీ దరఖాస్తుల్లోని గడులు అక్కడి నుంచి వచ్చినవే. 1997లో పసిఫిక్ ద్వీపవాసులను ఏషియన్ల నుంచి వేరు చేశారు. 2024 మార్చిలో పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా మూలాల వారికి కొత్త గడి చేర్చి, హిస్పానిక్ ప్రశ్నను, జాతి ప్రశ్నను ఒకటిగా కలిపారు. ఈ మార్పు కాలేజీ ఫారాల్లోకి క్రమంగా వస్తుంది.

ప్రపంచ జనాభాలో దాదాపు 60 శాతం మంది మూలాలను ఒకే ‘ఏషియన్’ గడిలో కుదించడం ఏమి అర్థవంతమని 2023 తీర్పుతో ఏకీభవిస్తూ రాసిన అభిప్రాయంలో జస్టిస్ గోర్సచ్ ప్రశ్నించారు. ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల బిడ్డ, లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ తెగ కుటుంబపు బిడ్డ ఒకే వర్గం కావడం ఎవరికైనా వింతగానే అనిపిస్తుంది. తీర్పును సమర్థించినా వ్యతిరేకించినా ఈ ఒక్క మాటను కాదనడం కష్టం.

జాతిని చూసే ఈ పద్ధతి మన దగ్గరి రిజర్వేషన్ లాంటిదేనా?

కాదు. ఆ పోలిక వల్లనే సగం అపార్థాలు పుడుతున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కు కూర్చుంటే బీసీలకు 29 శాతం, ఎస్సీలకు 15 శాతం అని లెక్క ముందే రాసి ఉంటుంది. ఏ వర్గంలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగాయో అందరూ చూడవచ్చు. కుల ధ్రువీకరణ పత్రం తహసీల్దారు ఇవ్వాలి. దీనికి రాజ్యాంగంలోనే ఆధారం ఉంది.

అమెరికాలో అలాంటి కోటా 1978లోనే పోయింది. కాలిఫోర్నియాలోని డేవిస్ వైద్య కళాశాల 100 సీట్లలో 16 సీట్లు మైనారిటీలకు కేటాయిస్తే, బక్కీ కేసులో సుప్రీం కోర్టు అది చెల్లదంది. జాతిని పలు అంశాల్లో ఒకటిగా చూడవచ్చని మాత్రం వదిలింది. మిషిగన్ విశ్వవిద్యాలయం 150 పాయింట్ల పట్టికలో మైనారిటీలకు నేరుగా 20 పాయింట్లు ఇస్తే 2003లో దాన్నీ కొట్టేసింది. అదే రోజు అదే విశ్వవిద్యాలయపు లా స్కూల్ పద్ధతిని మాత్రం ఒప్పుకుంది, అక్కడ లెక్క లేదు కాబట్టి. మరో 25 ఏళ్లకు దీని అవసరం ఉండకపోవచ్చని జస్టిస్ ఓకానర్ అందులో ఆశాభావం వ్యక్తం చేశారు. 20 ఏళ్లకే అది ముగిసింది.

కాబట్టి ‘ఏషియన్ కోటా నిండిపోయింది’ అని ఎవరైనా అంటే, అలాంటి కోటా కాగితం మీద ఎక్కడా లేదు. జాతికి ధ్రువీకరణ పత్రం కూడా లేదు, విద్యార్థి తన గురించి తాను చెప్పుకున్నదే. న్యూయార్క్ మేయర్ జోహ్రాన్ మమ్దానీ ఉగాండాలో పుట్టిన భారతీయ సంతతి వాడు. 2009లో కొలంబియాకు దరఖాస్తు చేసినప్పుడు ‘ఏషియన్’, ‘ఆఫ్రికన్ అమెరికన్’ రెండింటికీ టిక్కు పెట్టాడని 2025లో బయటపడి పెద్ద వివాదమైంది. తన నేపథ్యం మొత్తాన్ని చెప్పడానికి ఏ ఒక్క గడీ సరిపోలేదని ఆయన వివరణ. సీటు మాత్రం రాలేదు.

హార్వర్డ్ ఏషియన్ల పట్ల వివక్ష చూపినట్టు రుజువైందా?

అడిగిన వారిని బట్టి జవాబు మారుతుంది. కాబట్టి కోర్టు ముందుకు వచ్చినవి చూద్దాం.

జాతి ఆధారంగా సీట్లివ్వడాన్ని వ్యతిరేకించే ఎడ్వర్డ్ బ్లమ్ నెలకొల్పిన సంస్థ 2014 నవంబరులో హార్వర్డ్‌పై కేసు వేసింది. విచారణలో హార్వర్డ్ లోపలి కాగితాలు బయటికొచ్చాయి. అక్కడ ప్రతి దరఖాస్తుకూ చదువు, కార్యకలాపాలు, క్రీడలు, వ్యక్తిత్వం వంటి అంశాల్లో అంకెలు వేస్తారు. చదువులో ఏషియన్ అమెరికన్లు అందరికంటే ముందున్నారు, కార్యకలాపాల్లోనూ బలంగానే ఉన్నారు. వ్యక్తిత్వం దగ్గరికి వచ్చేసరికి ప్రవేశాల కార్యాలయం వేసిన అంకె తగ్గిపోయింది. ధైర్యం, దయ, అందరితో కలిసిపోయే గుణం వంటివి అందులో లెక్కకు వస్తాయి. కేవలం చదువు చూస్తే చేరేవారిలో ఏషియన్లు 43 శాతం ఉంటారని హార్వర్డ్ సొంత పరిశోధన విభాగమే 2013లో అంచనా కట్టింది. వాస్తవంలో ఉన్నది 19 శాతం దరిదాపుల్లో.

ఈ అంకెల అర్థమేమిటో చెప్పడానికి ఇద్దరు ఆర్థికవేత్తలు ఎదురెదురుగా నిలబడ్డారు. వివక్షే కారణమన్నారు డ్యూక్‌కు చెందిన పీటర్ ఆర్సిడియాకోనో. లెక్కలో ఇతర అంశాలు కలిపితే ఆ తేడా నిలవదన్నారు బర్క్‌లీకి చెందిన డేవిడ్ కార్డ్, తర్వాత నోబెల్ అందుకున్నాయన. 2019లో జిల్లా న్యాయమూర్తి ఆలిసన్ బరోస్ ఉద్దేశపూర్వక వివక్ష లేదన్నారు. అప్పీలు కోర్టు 2020లో దాన్ని సమర్థించింది. సుప్రీం కోర్టు వ్యక్తిత్వ అంకెల తగాదా తేల్చలేదు. మొత్తం పద్ధతే రాజ్యాంగానికి విరుద్ధమంది. అయితే జాతిని లెక్కలోకి తీసుకోవడం వల్ల హార్వర్డ్‌లో సీటొచ్చే ఏషియన్ అమెరికన్ల సంఖ్య 11.1 శాతం తగ్గుతోందన్న అప్పీలు కోర్టు లెక్కను రాబర్ట్స్ తన తీర్పులో ఎత్తిచూపారు.

కుట్ర అనడానికి ఆధారం చాలదు. ఏమీ జరగలేదనడానికీ నోరు రాదు. లక్షల మంది పిల్లల దయాగుణానికి అంకె వేసే పద్ధతిలో ఒక సముదాయం మొత్తం వెనకబడితే, తప్పు పిల్లల్లో ఉందని నమ్మడం మాకు సాధ్యం కాదు.

మన పిల్లలకు ఎస్ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష)లో 140 మార్కులు ఎక్కువ రావాలంటారు. నిజమా?

ఈ అంకె ప్రిన్స్‌టన్ సామాజిక శాస్త్రవేత్త థామస్ ఎస్పెన్‌షేడ్ 2009లో ప్రచురించిన అధ్యయనం నుంచి వచ్చింది. కొన్ని ఎంపిక చేసిన కాలేజీల 1997 నాటి ప్రవేశాలను తీసుకుని, శ్వేతజాతి విద్యార్థికున్న అవకాశమే ఏషియన్ విద్యార్థికి ఉండాలంటే 140 పాయింట్ల తేడా కావాలని గణాంక నమూనా చెప్పింది. సిఫారసు లేఖలు, వ్యాసాలు తన దగ్గర లేవని, ఇది వివక్షకు రుజువు కాదని ఆయనే హెచ్చరించారు. ఆ హెచ్చరికను వదిలేసి, అంకె మాత్రం కోచింగ్ సెంటర్ల ప్రకటనల్లోకి ఎక్కింది. అప్పటి పిల్లలకే ఇప్పుడు కాలేజీకి వెళ్లే వయసు పిల్లలున్నారు.

తీర్పు తర్వాత ఏషియన్లకు సీట్లు పెరిగాయా?

కొన్నిచోట్ల పెరిగాయి, కొన్నిచోట్ల తగ్గాయి. 2024లో చేరిన బ్యాచ్ చూస్తే, ఎమ్‌ఐటీలో ఏషియన్ అమెరికన్లు 40 శాతం నుంచి 47 శాతానికి ఎగబాకారు. హార్వర్డ్‌లో 37 దగ్గర కదలకుండా ఉండిపోయారు. యేల్‌లో 30 నుంచి 24కు, డ్యూక్‌లో 35 నుంచి 29కి దిగారు. ప్రిన్స్‌టన్‌లోనూ కొంచెం తగ్గారు. మరుసటి ఏడాది హార్వర్డ్‌లో 41 శాతమయ్యారు.

అందరూ అనుకున్న చిత్రం ఇది కాదు. గడి వదిలేసినవారు పెరగడం, కాలేజీకో లెక్కింపు పద్ధతి ఉండటం వల్ల ఈ అంకెలను పక్కపక్కన పెట్టి పెద్ద నిర్ధారణలు చేయడం ప్రమాదం. పోగొట్టుకున్నవారి సంగతి మాత్రం స్పష్టంగానే ఉంది. ఆమ్‌హర్స్ట్‌లో నల్లజాతి విద్యార్థులు 11 నుంచి 3 శాతానికి, ఎమ్‌ఐటీలో 5 శాతానికి, హార్వర్డ్‌లో రెండేళ్లలో 18 నుంచి 11.5 శాతానికి పడిపోయారు. మన గ్రూపుల్లో ఈ తీర్పును పండుగలా జరుపుకున్నవారు ఈ వరస కూడా చదవాలి.

2025 ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్ ఒక ఆదేశం ఇచ్చారు. దరఖాస్తు చేసినవారు, సీటు వచ్చినవారు, చేరినవారి వివరాలను జాతులవారీగా కాలేజీలు నివేదించాలని దాని సారాంశం.

కాలిఫోర్నియాలో ఈ నిషేధం ముందే వచ్చింది కదా?

అవును, 1996లో ప్రజలు ఓటేసి ప్రతిపాదన 209తో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో జాతి ప్రస్తావనను ఆపేశారు. 1998లో బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లలో నల్లజాతి, హిస్పానిక్ ప్రవేశాలు దాదాపు సగానికి పడ్డాయి. 2020లో దాన్ని రద్దు చేయాలని మళ్లీ ఓటింగ్ పెడితే డెమోక్రాట్ల కోట లాంటి ఆ రాష్ట్రంలోనే 57 శాతం మంది వద్దన్నారు. టెక్సస్ వేరే దారి పట్టింది: 1997 నుంచి ప్రతి హైస్కూల్లో పైనున్న 10 శాతం మందికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం. ఆస్టిన్ క్యాంపస్‌లో రద్దీ వల్ల ఆ గీత 6 శాతానికి, 2026లో చేరేవారికి 5 శాతానికి జరిగింది. ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలోని మన కుటుంబాలకు అసలు తంటా ఇదే. పోటీ ఎక్కువున్న స్కూల్లో మంచి మార్కులొచ్చినా పిల్లవాడు గీత కిందే ఉండిపోవచ్చు. ఏ స్కూల్ పరిధిలో ఇల్లు కొన్నారన్నది అక్కడ జాతి గడికంటే చాలా పెద్ద నిర్ణయం.

వర్జీనియాలో థామస్ జెఫర్సన్ హైస్కూల్ గొడవ ఏమిటి?

అది పోటీ పడి చేరే పేరుమోసిన ప్రభుత్వ సైన్స్ హైస్కూల్. హైస్కూలే అయినా, ఉత్తర వర్జీనియా తెలుగువారు కాలేజీకంటే ఎక్కువ కలవరపడింది దీనికే. 2020లో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ ప్రవేశ పరీక్ష తీసేసి, ప్రతి మిడిల్ స్కూల్‌కూ దాని ఎనిమిదో తరగతి విద్యార్థుల్లో 1.5 శాతం చొప్పున సీట్లు కేటాయించింది. ఏషియన్ల వాటా 73 నుంచి 54 శాతానికి పడింది. తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 2023 మేలో అప్పీలు కోర్టు కౌంటీ వైపు తీర్పిచ్చింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు జోక్యం చేసుకోలేదు. జాతి పేరెత్తకుండా స్కూలు, ప్రాంతం, కుటుంబ ఆదాయం ఆధారంగా సీట్లు పంచే పద్ధతులకు ప్రస్తుతానికి దారి తెరిచే ఉందని దీని అర్థం.

వ్యాసంలో మన నేపథ్యం గురించి రాయవచ్చా?

రాయవచ్చు. జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో విద్యార్థి చెప్పుకుంటే పరిగణించడానికి ఈ తీర్పు అడ్డు కాదని రాబర్ట్స్ స్వయంగా రాశారు, అది వివక్ష కావచ్చు, స్ఫూర్తి కావచ్చు. అయితే చూడాల్సింది అందులో కనిపించే ధైర్యాన్నో నాయకత్వాన్నో తప్ప జాతిని కాదన్నారు. నేరుగా చేయకూడనిది వ్యాసాల చాటున కూడా చేయకూడదని హెచ్చరించారు.

మనవాళ్లు రాసేవాటిలో రెండు రకాలు తరచుగా తేలిపోతాయి. ఒకటి, నాన్న రెండు సూట్‌కేసులతో అమెరికా వచ్చిన కథ. అది నాన్న కథ. రెండోది, దీపావళి వర్ణన. అమ్మమ్మ ఫోనులో చెప్పే సామెతలను రాసిపెట్టుకుంటూ తెలుగు చదవడం నేర్చుకున్న పిల్ల ఉందనుకోండి, అందులో ఆ పిల్ల కనిపిస్తుంది.

మా అబ్బాయి రెండేళ్ల వయసులో వచ్చాడు, ఇంకా హెచ్-4 మీదే ఉన్నాడు. గడి మాటేమిటి?

మీకు గడికంటే వీసా ముఖ్యం. హెచ్-4 అంటే హెచ్-1బి ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చే తాత్కాలిక వీసా. తాత్కాలిక వీసా మీదున్న విద్యార్థిని ప్రభుత్వ లెక్కల్లో ఏ జాతి కిందా చూపరు, ‘నాన్‌రెసిడెంట్’ అనే వేరే వరుసలో వేస్తారు. కొన్ని కాలేజీలు ఎంపికలో కూడా విదేశీ విద్యార్థిగానే చూస్తాయి. ఎమ్‌ఐటీలో పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు కాక మిగిలినవారంతా విదేశీయులే, కిండర్‌గార్టెన్ నుంచి బోస్టన్‌లో చదివినా సరే. విదేశీ పౌరులకు అక్కడ దక్కేవి దాదాపు పదో వంతు సీట్లు. ఫెడరల్ ఆర్థిక సాయం హెచ్-4 పిల్లలకు రాదు. కాలేజీ సొంత సాయం అడిగితే కొన్నిచోట్ల ఎంపిక అవకాశమే తగ్గుతుంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎమ్‌ఐటీ, ఆమ్‌హర్స్ట్ వంటివి మాత్రం విదేశీయులకు కూడా డబ్బు సంగతి చూడకుండా సీటు నిర్ణయిస్తాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో రాష్ట్ర నివాసుల ఫీజు హెచ్-4కు వర్తిస్తుందో లేదో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ప్రతి కాలేజీకీ ఈమెయిల్ రాసి ‘మమ్మల్ని ఏ వర్గంలో చూస్తారు’ అని అడగండి, జవాబు దాచిపెట్టుకోండి.

హైదరాబాద్ నుంచి ఎమ్మెస్‌కు దరఖాస్తు చేస్తున్నాను. నింపాలా?

అక్కర్లేదు. ఆ ప్రశ్న పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారి కోసం పెట్టింది.

పూర్వవిద్యార్థుల పిల్లలకు ఇచ్చే ప్రాధాన్యం పోయిందా?

చాలా ప్రైవేటు కాలేజీల్లో పోలేదు. అసలు కోపం రావాల్సింది ఇక్కడ. క్రీడాకారులు, పూర్వవిద్యార్థుల పిల్లలు, అధ్యాపకుల పిల్లలు, దాతల సంబంధీకులు హార్వర్డ్ దరఖాస్తుల్లో 5 శాతం కూడా లేరు, సీట్లలో మాత్రం సుమారు 30 శాతం వారివే. ఈ వివరం కూడా ఆ కేసులోనే బయటపడింది. సీటొచ్చిన శ్వేతజాతి విద్యార్థుల్లో 43 శాతానికి పైగా ఈ బాపతే. ఎమ్‌ఐటీ దీన్ని పాటించదు. జాన్స్ హాప్కిన్స్, ఆమ్‌హర్స్ట్ వదిలేశాయి. కాలిఫోర్నియా 2024లో ప్రైవేటు కాలేజీలకూ నిషేధం తెచ్చింది. స్టాన్‌ఫర్డ్ రాష్ట్ర స్కాలర్‌షిప్ నిధులనైనా వదులుకుంది కానీ ఈ ప్రాధాన్యాన్ని వదులుకోలేదు. ఇంకో పాతికేళ్లకు మనవాళ్లే పూర్వవిద్యార్థులై దీన్ని సమర్థిస్తారేమో చెప్పలేం.

కులం అడుగుతారా?

దరఖాస్తులో అడగరు. క్యాంపస్‌లో కుల వివక్షపై ఫిర్యాదు చేసే వీలు మాత్రం కొన్నిచోట్ల ఉంది. బ్రాండైస్ 2019లో, కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్) విశ్వవిద్యాలయాలు 2022లో తమ నిబంధనల్లో కులాన్ని చేర్చాయి.

జాతి వల్లే సీటు రాలేదనిపిస్తే ఫిర్యాదు చేయవచ్చా?

ఫెడరల్ విద్యాశాఖలోని పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోగా ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు, లాయరు అక్కర్లేదు. 2025లో ఆ కార్యాలయపు 12 ప్రాంతీయ శాఖల్లో 7 మూతపడ్డాయి కాబట్టి త్వరగా తేలుతుందని ఆశించకండి. ఒక్క దరఖాస్తును పట్టుకుని వివక్ష నిరూపించడం మహా కష్టం. హార్వర్డ్ కేసులో కూడా ఆరేళ్ల ప్రవేశాల లెక్కలు తోడాల్సి వచ్చింది. చేరిన కాలేజీలో తన ప్రవేశ ఫైలులో ఏమి రాశారో చూపించమని విద్యార్థి అడగవచ్చు, విద్యార్థుల రికార్డుల చట్టం ఆ హక్కు ఇచ్చింది. సీటు ఇవ్వని కాలేజీకి మాత్రం ఆ ఫైలు చూపించాల్సిన బాధ్యత లేదు.